గాలి దిక్కు తెలిసియు

విపత్సమయమున పాలకులకు రెండు కావలెను. ఏమి జరుగనున్నదో తెలుపు జ్ఞాన మొకటి. ఆ తెలిసినదానిని సకాలమున ఆచరణమున పెట్టు అభ్యాసము రెండవది. మొదటిదానిని శ్రద్ధతో సంపాదించి, రెండవదానిని లాంఛనముగా నడపినచో ఫలితమెట్లుండునో జపాను దేశపు ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది.

1979వ సంవత్సరమున అమెరికాలోని త్రీ మైల్ ఐలండు అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము సంభవించిన పిమ్మట, జపాను శాస్త్రజ్ఞులు స్పీడీ యను గణనసాధనమును నిర్మింప బూనిరి. కేంద్రమునుండి వెలువడు రేడియోధార్మిక పదార్థ మెంతయో, గాలి యే దిక్కునకు వీచునో, నేల యెత్తుపల్లము లెట్టివో తెలిపినచో, ఏ గ్రామముపై నెంత ధార్మికత పడునో కంప్యూటరు లెక్కగట్టి పటము గీసి యిచ్చును. ప్రజల నే దారిని తరలింపవలెనో ఆ పటమును చూచి నిర్ణయింపవచ్చునని వారి యాశయము.

1999 సెప్టెంబరు 30వ తేదీన టోకైమురాలోని అణుఇంధన కర్మాగారమున ప్రమాదము జరిగి, తత్ఫలితముగా ఇద్దరు కార్మికులు మరణించిరి. అంతట ప్రత్యేకశాసనము పుట్టెను, అణుకేంద్రముల చేరువ అత్యవసర కార్యస్థానములు వెలసెను, అభ్యాసములు జరుగుచుండెను. 2010 అక్టోబరులో హమఓకా కేంద్రమును గూర్చి జరిగిన అభ్యాసమున ప్రధానమంత్రి నవోటో కాన్ స్వయముగా పాల్గొనెను. కాని భూకంపము, ఉప్పెన, అణుప్రమాదము ఒక్కమాఱు వచ్చిపడునని ఆ యభ్యాసములు తలపోయలేదు.

2011 మార్చి 11వ తేదీన అట్లే జరిగెను. ఫుకుషిమా దాయిచి కేంద్రమున విద్యుత్తు పోయెను. రియాక్టరు సమాచారము నందించు తంతి తెగెను. ఎంత ధార్మికత వెలువడుచున్నదో స్పీడీకి తెలుపువారు లేకపోయిరి. కేంద్రమునకు అయిదు కిలోమీటర్ల దూరముననున్న కార్యస్థానమే విద్యుత్తు లేక, వార్తాసాధనములు లేక, మార్చి 15వ తేదీన ఖాళీ చేయబడెను.

ప్రభుత్వము మూడు, పది, ఇరువది కిలోమీటర్ల వలయములు గీసి ప్రజలను వెడలిపొమ్మనెను. గాలికి వలయములతో పని లేదు. నమియె పట్టణవాసులు వేలకొలది వాయవ్యముననున్న త్సుషిమాకు చేరిరి. 15వ తేదీన ధార్మికమేఘము ఆ దిక్కునకే పోయి, వానతోను మంచుతోను నేలకు దిగెను. గంటకొక బెక్వరెల్ వెలువడునని యూహించి స్పీడీ గీసిన పటములు కార్యాలయములలో నుండెను. 14వ తేదీననే అమెరికా సైన్యమునకు అవి యందెను. స్వదేశ ప్రజలకు మాత్రము 23వ తేదీన గాని తెలియలేదు.

పరిమాణము తెలియని లెక్క నమ్మదగినది కాదని యధికారులనిరి. ఈ విషయమున విచారణసంఘములే యేకీభవింపలేదు. ప్రభుత్వము నియమించిన సంఘము, దిక్కు తెలిసినను తరలింపునకు మేలు కలిగెడిదనెను; పార్లమెంటు నియమించిన సంఘము, తొలి తరలింపులకు స్పీడీ పనికిరాదనెను. రెండవ మాటయే నిజమైనను, తమకు తెలిసినంత మాత్రమేనియు, సందేహసహితముగా నైనను, ఇంటినుండి బయలుదేరిన గృహస్థునకు చెప్పకుండుట న్యాయము కాజాలదు. అతడు దారి యెన్నుకొనవలసినవాడు.

మఱియొక విషయము కలదు. ఇరువది కిలోమీటర్ల లోపలి యాసుపత్రులలోను, వృద్ధాశ్రమములలోను ఉండిన రోగులలో ఆ మాసాంతమునకు కనీసము 60 మంది మరణించిరి. వారిని చంపినది రేడియోధార్మికత కాదు; సిద్ధపాటు లేని తరలింపు. మంచమునుండి లేవలేని ముసలివానిని మోయువా రెవరో, ఎక్కడికి మోయవలెనో ముందుగా నిర్ణయించుటకు కంప్యూటరు అక్కఱలేదు.

2014వ సంవత్సరమున జపాను అణునియంత్రణ సంస్థ, తరలింపు నిర్ణయములకు స్పీడీని వాడరాదని నిశ్చయించెను. కేంద్రపు స్థితిని, కొలిచిచూచిన ధార్మికతను ఆధారముగా గొనుట నూతనపద్ధతి. ఇది యుక్తమే కావచ్చును. అయినను కొలుచు యంత్రములు సైతము చెడును, తంతులు మరల తెగును. కావున యంత్రము మూగవోయిన దినమున ఏమి చేయవలెనో నేర్పు అభ్యాసమే అభ్యాసము. అన్నియు సక్రమముగ నడచునను కథను ఏటేట ఆడి చూపుట నాటకము మాత్రమే.