రంగము ధ్యానకేంద్రము: ఒక గృహస్థ గురుపరంపర

అమరావతి మహాచైత్యమునకు విధికుడను చర్మకారుడు కుటుంబసమేతుడై పూర్ణఘటఫలకము నొకదానిని సమర్పించెనని శాసనము చెప్పుచున్నది. నాగార్జునకొండపై సింహళభిక్షువుల నిమిత్తము బోధిశ్రీ యను ఉపాసిక చైత్యగృహము గట్టించెను. ప్రాచీనాంధ్ర శాసనములలో గృహస్థుడు మనకు దాతగానే కనబడును. అతడు శిల నిచ్చును, దీపస్తంభము నిలుపును, భిక్ష పెట్టును. కనులు మూసికొని కూర్చుండు పని భిక్షువునకు విడిచిపెట్టును. ఈ యేర్పాటు పెక్కు శతాబ్దముల పిమ్మట, సముద్రమున కావలిగట్టున, మన కళింగాంధ్రులు రంగమని పిలుచుకొన్న రంగూనులో ఎట్లు మారినదో తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరము. ఏలయన ఆ మార్పుయొక్క ఫలము నేడు మన యూళ్ల చెంతకు వచ్చియున్నది.

త్రిపిటకమునంతయు 729 పాలరాతి పలకలపై చెక్కించి, 1871లో మాండలేయందు ఐదవ ధర్మసంగీతిని జరిపించిన మిండన్ రాజు కాలమున బర్మాలో ధర్మమునకు సింహాసనమే యండగా నుండెను. 1885లో ఆంగ్లేయులు మాండలేను గైకొని, అతని కుమారుడగు థీబాను రత్నగిరికి పంపివేసినప్పుడు ఆ యండ తొలగిపోయెను. రాజు లేని దేశమున బుద్ధశాసనమును నిలుపువా రెవ్వరను ప్రశ్నకు లేడీ సయాడో (1846–1923) తన జీవితముతోనే సమాధానము చెప్పెను. మహాపండితుడైన ఆ భిక్షువు మోన్యువా సమీపమున వనాశ్రమము నేర్పరచుకొనియు అందే కూర్చుండక, దేశమంతట సంచరించి, అభిధర్మమును సామాన్యజనుల కర్థమగు బర్మీభాషలో వివరించి, విహారముల గోడల నడుమ కొలదిమందికే పరిమితమై యున్న విపశ్యన యను ధ్యానపద్ధతిని సేద్యగాండ్రకును స్త్రీలకును గూడ బోధించెను. గ్రంథములు వ్రాసినవా రనేకులు గలరు. విద్యను ఇల్లిల్లును జేర్చిన సాహసము మాత్రము ఆయన సొత్తు, అందుకే ఆయనను నేను ఆ కాలపు బౌద్ధాచార్యులలో అగ్రగణ్యునిగా నెంచెదను.

ఆయన బోధింప నియోగించిన శిష్యుడు సయా తెట్జీ కాషాయధారి కాడు. రంగూను నదికి ఆవలనున్న ప్యాబ్వేజీ గ్రామమున 1873లో పుట్టి, పిన్నవయసున బియ్యపుమిల్లులో పనిచేసి, పిదప పొలము దున్నుకొని బ్రదికినవాడు. 1903లో కలరా తన బిడ్డలను పొట్టన బెట్టుకొనగా, ఆ దుఃఖము భరింపలేక మృత్యువునకు లోబడనిదానిని వెదకుచు ఇల్లు విడిచి, సంవత్సరములపాటు గురువులను సేవించి, తిరిగివచ్చి ఇంటనే యుండి సాధన చేసెను. మన తెలుగుకూలీలు వేలకొలదిగా రంగమునకు ఓడలెక్కి, రేవులోను మిల్లులలోను మూటలు మోయుచుండిన కాలముననే, ఆ నదికి ఆవలిగట్టున ఈ రైతు తన పొలమువద్ద ధ్యానశాల కట్టి శిష్యులకు శ్వాసను గమనించుట నేర్పుచుండెను.

1937 జనవరిలో ఆ శాలకు వచ్చిన గుమాస్తా ఊ బా ఖిన్. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైన దినముననే ఆయన ఆ దేశపు అకౌంటెంటు జనరలు పదవి నధిష్ఠించెను. లెక్కలు చూచువాడు ధ్యానగురువగుట వింతగా దోచవచ్చును గాని, ఆయనకు ఆ రెండును ఒక్కటే సత్యసంధతకు రెండు ముఖములు. తన కచ్చేరి యుద్యోగులకై మొదట ఒక విపశ్యనాసంఘము నేర్పరచి, 1952లో నగరపు టుత్తరభాగమున ఇన్యా మ్యైంగు వీధిలోని చిన్న గుట్టపై అంతర్జాతీయ ధ్యానకేంద్రమును స్థాపించెను.

ఆ కేంద్రమునకు హృదయమైన చైత్యము విశేషమైన కట్టడము. మామూలు స్తూపమువలె ఘనముగా ఇటుకతో నింపబడక, లోన గుల్లగా నుండును. నడుమ నొక వర్తులాకారపు గది, దానిచుట్టును ఎనిమిది చిన్న గదులు. గురువు నడుమ గదిలో కూర్చున్నచో, చుట్టునున్న శిష్యు లొకరి నొకరు చూడకయే ఆయన వాక్కును వినగలరు. అక్కడి యభ్యాసము పదిదినములది. పంచశీలములను గైకొని, మౌనము వహించి, మొదట నాసికారంధ్రములకు దిగువను పై పెదవికి మీదను గల అంగుళమంత చోటున శ్వాస తాకుటను మాత్రమే గమనింపవలెను. చిత్త మొకింత నిలిచిన పిదప, శిరస్సు మొదలు పాదములవరకు దేహమందు పుట్టి గిట్టుచుండు సంవేదనలను, వానిపై రాగమును గాని ద్వేషమును గాని పెంచుకొనక, అనిత్యములని యెరుగవలెను. మంత్రము లేదు, విగ్రహధ్యానము లేదు, మతము మార్చుకొను నిర్బంధమును లేదు. ఉద్యోగము, సంసారము గలవారి కొరకు ఆయన కొలతవేసి కుదిర్చిన క్రమ మిది. కచ్చేరి సెలవులో ఇముడునట్టిది.

1955లో తీవ్రమైన తలనొప్పిచే పీడింపబడుచు ఈ గుట్ట యెక్కిన మాండలే మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా (1924–2013), పదునాలుగేండ్లు గురుసన్నిధిని సాధన చేసి, 1969లో భారతదేశమునకు వచ్చి బొంబాయిలో మొదటి శిబిరము నడిపెను. ఊ బా ఖిన్ 1971లో దివంగతుడయ్యెను. 1976లో హైదరాబాదున నాగార్జునసాగరు బాటపై ఈ పరంపరకు చెందిన ధమ్మఖేత్తమను కేంద్రము వెలసెను. పిదప నాగార్జునసాగరువద్దను, ఏలూరు చేరువ విజయరాయిలోను అట్టివి యేర్పడినవి. మన బౌద్ధచరిత్ర గ్రంథములు ఇక్ష్వాకులతోనో హ్యుయాన్‌త్సాంగు యాత్రతోనో కథ ముగించుట నాకు బాధ కలిగించుచున్నది. ఏలూరు సమీపముననే గుంటుపల్లి గుహలలో భిక్షువులు వసించిన మాట చెప్పి, అదే ప్రాంతమున నేడు ఉపాధ్యాయులును రైతులును పదేసి దినములు మౌనముగా కూర్చుండుచున్నారన్న మాట చెప్పకున్న, చరిత్ర సగమే చెప్పినట్లగును.

ఈ కేంద్రములలో వసతికి గాని భోజనమునకు గాని బోధకు గాని రుసుము లేదు. పప్పు, కూర వండువారు, గంట కొట్టి వేకువను మేల్కొలుపువారు పూర్వమచట శిబిరము ముగించుకొన్న సాధకులే; ఖర్చు నడచునదియు వారి దానముతోనే. ఒకసారియైనను పదిదినములు కూర్చుండని వానియొద్దనుండి అచట ధనము గైకొనరు.