సామాజిక మాధ్యమాలు - వ్యక్తిగత గోప్యత

సామాజిక మాధ్యమాల్లో ఒకరు ఇచ్చిన అనుమతి వారి మిత్రుల గోప్యతకు సైతం భంగం కలిగించగలదని 2018లో వెలుగుచూసిన కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం రుజువు చేసింది.

వ్యక్తిత్వ పరీక్ష పేరిట ఫేస్‌బుక్‌లో ప్రవేశపెట్టిన ఒక యాప్, దానిని వాడినవారి వివరాలతోపాటు వారి మిత్రుల వివరాలను కూడా సేకరించింది. ఆ సమాచారం బ్రిటన్‌కు చెందిన రాజకీయ సలహా సంస్థ కేంబ్రిడ్జ్ అనలిటికాకు చేరింది. ఫేస్‌బుక్ వెల్లడించిన వివరాల ప్రకారం, భారతదేశంలో ఆ యాప్‌ను వాడినవారు 335 మంది మాత్రమే. అయితే సమాచారం బయటకు వెళ్లి ఉండవచ్చని అంచనా వేసినవారు సుమారు 5.62 లక్షల మంది కావడం గమనార్హం. ప్రపంచవ్యాప్తంగా ఈ సంఖ్య 8.7 కోట్లు. మిత్రుల వివరాలను యాప్‌లకు అందించే వెసులుబాటును 2015 నాటికే నిలిపివేసినప్పటికీ, అప్పటికే సేకరించిన సమాచారానికి రక్షణ లేకపోయింది. గోప్యతా ఉల్లంఘనలకుగాను 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్‌పై 500 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది.

ఫోన్‌లోని పరిచయస్తుల జాబితాను చూసేందుకు ఏదైనా యాప్‌ను అనుమతిస్తే, అందులోని వారందరి పేర్లు, నంబర్లు ఆ యాప్‌కు అందుబాటులోకి వస్తాయి. కావున అవసరమైన అనుమతులను మాత్రమే ఇవ్వడం, వాడని యాప్‌లకు ఇచ్చిన అనుమతులను రద్దు చేసుకోవడం ప్రతి ఒక్కరి బాధ్యత.