కృష్ణమ్మ పేరు మోసిన రెండు ఓడలు

మైలవరానికి సముద్రమూ లేదు, కృష్ణా లేదు. మా కొండల్లో పుట్టి కొల్లేరు దారి పట్టే బుడమేరు ఒక్కటే మాకున్న ఏరు. కృష్ణమ్మను చూడాలంటే ఇబ్రహీంపట్నం దాకా పోవాలి. అయినా 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసేదాకా మాదీ కృష్ణా జిల్లాయే. ఆ పేరు పెట్టుకున్న యుద్ధనౌకల సంగతి చెప్పుకునే హక్కు మాకూ ఉంది.

మొదటిది తెల్లదొరల కాలపు కాగితాల్లో, జిల్లా పేరులాగే, ‘కిస్ట్నా’. గ్లాస్గోలో యారో కంపెనీ కట్టింది. 1943 ఏప్రిల్‌లో నీళ్లలోకి దిగి, ఆగస్టులో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. ఈ తరహా ఓడను స్లూప్ అంటారు. సరుకు ఓడల వెంట కాపలా కాయడం, జలాంతర్గాముల కోసం గస్తీ తిరగడం దీని పని. పొడవు దాదాపు 300 అడుగులు. నాలుగంగుళాల ఫిరంగులు ఆరు, జంటలు జంటలుగా బిగించి ఉండేవి. వేగం మాత్రం 20 నాట్లే, అంటే గంటకు 37 కిలోమీటర్లు. మా పల్లెవెలుగు బస్సు నయం! 1945 జనవరిలో బర్మా తీరాన రామ్రీ దీవిపై సైన్యం దిగినప్పుడు వెంట ఉన్న ఓడల్లో ఇదీ ఒకటి.

దేశ విభజనలో ఓడలూ పంపకానికి వచ్చాయి. తోటి స్లూపుల్లో కావేరి మనకు మిగిలింది. గోదావరి, నర్మద పాకిస్తాన్ పాలై తర్వాత ‘సింధ్’, ‘ఝేలం’ అయ్యాయి. మన గోదారి కరాచీ చేరిందంటే ఇప్పటికీ నాకు చివుక్కుమంటుంది. ఐఎన్ఎస్ కృష్ణాగా మారిన మన ఓడ చివరి ఏళ్లలో కేడెట్లకు బడి అయింది. 1981లో సెలవు తీసుకుంది.

రెండో కృష్ణా కొత్తదేం కాదు. 1967లో పోర్ట్స్‌మత్ డాక్‌యార్డులో జలప్రవేశం చేసిన ఆండ్రోమెడా అనే బ్రిటిష్ ఫ్రిగేట్. చేపల వేట తగాదాలో ఐస్‌లాండ్ గస్తీ పడవలతో ఢీకొంది, 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికీ వెళ్లింది. 1995లో మనవాళ్లు కొని, పాత కృష్ణా నంబరు 46నే దీనికీ ఇచ్చారు. ఇదీ శిక్షణ నౌకగానే పనిచేసి 2012లో విరమించింది.

విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా నిలబడింది. కృష్ణాలకు ఆ యోగం పట్టలేదు. కనీసం విజయవాడ బాపూ మ్యూజియంలోనో, బందరులోనో ఒక నమూనా, నాలుగు వాక్యాల బోర్డు పెట్టవచ్చు. మీ ఇంట్లో ఈ ఓడల్లో పనిచేసినవారు ఉంటే వారి పాత ఫోటోలు, సర్వీసు కాగితాలు చెదలపాలు కానివ్వకండి.