కొల్లేరు చేసిందెవరు?

మా అమ్మకి కోపం వస్తే 'ఇల్లంతా కొల్లేరు చేశారు' అంటుంది. భర్త దెబ్బలకి తాళలేక మా పిన్ని పుట్టింటికి వచ్చేసినప్పుడు బంధువులంతా 'చేజేతులా కాపురం కొల్లేరు చేసుకుంది' అన్నారు. ఏలూరులో పుట్టి పెరిగిన నేను ఈ మాటని వందలసార్లు విని ఉంటాను. పాడైపోవడానికి ఒక సరస్సు పేరు మారుపేరు ఎందుకయిందో, ఆ పాడు చేసే పని ఎప్పుడూ ఆడవాళ్ళ నెత్తినే ఎందుకు పడుతుందో సాహిత్యంలో పిహెచ్‌డి చేసిన రోజుల్లో కూడా నాకు తట్టలేదు. అది తట్టించింది ఒక ట్యాంకరు.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో మూడేళ్ళు పాఠాలు చెప్పాను. రెండేళ్ళపాటు రోజూ ఏలూరు నుంచి పాసింజరులో దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు దాటి వెళ్ళొచ్చేదాన్ని. మూడో ఏడు గూడెంలోనే ఒక వాటా అద్దెకి తీసుకున్నాను. ఒకరోజు మరుగుదొడ్డి ట్యాంకు నిండిందని ఇంటివాళ్ళు ట్యాంకరు పిలిపించారు. గొట్టం పట్టుకున్న కుర్రాడి చేతులకి తొడుగులు లేవు. 'ఇదంతా ఎక్కడ పోస్తారు బాబూ?' అని అడిగాను. 'ఊరవతల మురుక్కోడులోనండి, ఇంకెక్కడ పోస్తాం?' అన్నాడు. నా ప్రశ్నే అతనికి వింతగా తోచింది. ముప్పయ్యేళ్ళు దాటేదాకా నా మురుగు ఎటు పోతోందో నేను ఎవర్నీ అడగలేదు. రక్షణ లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. ఆ గొట్టం ఎవరి చేతిలో ఉండాలో మాత్రం కులం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే తేల్చిపెట్టింది.

మన డెల్టాలో నీటికి రెండు దారులున్నాయి. ఒకటి వచ్చే కాలువ, రెండోది పోయే కోడు. వచ్చే కాలువలకి ఘనమైన చరిత్ర ఉంది. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. రెండు నదుల నీళ్ళనీ కలుపుతూ ఏలూరు కాలువ సాగింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. పోయే కోడులకి విగ్రహాల్లేవు, చరిత్ర పాఠాల్లేవు. పొలాలు వదిలిన నీరు, ఊళ్ళు వదిలిన నీరు పల్లం వెతుక్కుంటూ పోతాయి. రెండు డెల్టాల నడుమ ఉన్న ఆ పల్లమే కొల్లేరు. బెజవాడ నుంచి బుడమేరు, ఏలూరు మీదుగా తమ్మిలేరు, ఇంకా చిన్నా పెద్దా డ్రెయిన్లెన్నో అక్కడికే చేరతాయి. బయటికి దారి ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలిసే ఉప్పుటేరు.

ఈ నీటి చరిత్ర వెతుకుతుంటే నాకు మొదట కనిపించింది నెత్తురు. రెండో పులకేశి విజయాల్ని పొగిడే ఐహోలు శాసనం (క్రీ.శ. 634) కునాల అనే సరస్సుని ప్రస్తావిస్తుంది. అది కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. హతులైన సైనికుల నెత్తురుతో ఆ నీళ్ళు రంగు మారాయని కవి గొప్పగా చెప్పాడు. రెండోది కొల్లేటికోట ఐతిహ్యం. గజపతుల కోటకి సరస్సే రక్షణగా ఉండేదట. ఆ నీళ్ళని సముద్రంలోకి దించేయాలని శత్రువులు ఉప్పుటేరు తవ్వించారట. ఆ యుద్ధంలో గెలుపు కోసం ఒక సేనాని తన కూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకి పేరంటాల కనమ అని పేరొచ్చిందంటారు. కథ నిజమా కాదా అన్నది వేరే సంగతి. నీళ్ళు బయటికిపోయే దారి దగ్గర ఒక ఆడపిల్ల శరీరాన్ని పెట్టకుండా మన ఊహ ఆ కాలువకి పేరు కూడా పెట్టలేకపోయింది.

కైకలూరు వైపు ఒక లంక గ్రామానికి వెళ్ళినప్పుడు చేపలు పట్టే వడ్డి కులానికి చెందిన ఒక పెద్దావిడతో మాట్లాడాను. 'పడవలో లోపలికెల్లి నాచు పక్కకి తోసి బిందె ముంచేవోళ్ళమండి. ఆ నీళ్ళే తాగేం, ఆటితోనే వండుకున్నాం. ఇప్పుడా నీళ్ళతో గిన్నెలు తోమితే చేతులు దురదలు. తాగే నీళ్ళు టిన్నుల్లెక్కన కొంటన్నాం' అంది. కాసేపాగి, 'పట్నం కడుక్కున్న నీళ్ళు మా గుమ్మంలోకొత్తాయి. మరి మేం కడుక్కున్నయి ఎక్కడికెల్లాలండి?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తమ్మిలేరు గట్టున పెరిగినదాన్ని. ఆమె గుమ్మంలోకి వచ్చిన నీళ్ళలో మా ఇంటివి కూడా ఉన్నాయి.

మురుగుని శుద్ధి చేయడమంటే ఏమిటి? నీటి వేగం తగ్గించి మట్టిని అడుక్కి దించడం, సూక్ష్మజీవుల చేత కుళ్ళుని తినిపించడం, మిగిలిన తేట నీటిని వదలడం. కోట్లు పెట్టి కట్టే కేంద్రాల్లో జరిగేది ఇదే. కిక్కిస గడ్డి, తుంగ, నాచు, వాటి వేళ్ళని పట్టుకున్న జీవులు కొల్లేటిలో ఈ పనిని శతాబ్దాలుగా చేస్తూ వచ్చాయి. అంటే మన ఊళ్ళకి మురుగు శుద్ధి చేసే పెద్ద సంస్థ ఒకటి ముందునుంచీ ఉంది. దానికి జీతం లేదు, సెలవు లేదు, లెక్కాపత్రం లేదు. ఇది మనకి బాగా తెలిసిన చాకిరీ కాదూ? ఇల్లు తుడిచి, అంట్లు తోమి, పిల్లల మలమూత్రాలు ఎత్తిపోసే మనిషిని జనాభా లెక్కలు 'పని చేయనివాళ్ళ' జాబితాలో రాశాయి. కొల్లేటినీ అలాగే రాశారు. జరుగుతున్నంతకాలం ఆ పని ఎవరి కంటికీ ఆనదు. ఆగిపోయిన రోజున మాత్రం 'కొల్లేరైంది' అంటారు.

1976 తర్వాత చేపల చెరువుల కోసం సరస్సులో గట్లు లేచాయి. పేదల సొసైటీల పేరుతో మొదలైనవి క్రమంగా డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. గట్లు అడ్డుపడితే నీరు పరుచుకోలేదు, పరుచుకోని నీరు తేటపడదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో గట్లు పేల్చేశారు. పేదల బతుకుతెరువూ దాంతోపాటే పోయింది. తర్వాత చెరువులు మళ్ళీ వచ్చాయి. ఇన్నేళ్ళ వాదనంతా ఎక్కువగా ఐదో కాంటూరా మూడో కాంటూరా అన్నదాని చుట్టూ తిరిగింది. ఎగువ పట్నాల మురుగు ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మాత్రం మూలనే ఉండిపోయింది. ఆ పాత కొల్లేటి బతుకుని అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవలలో గుర్తుచేసుకున్నారు. వసంత కన్నబిరాన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.

ఇక్కడ నన్ను నేనే హెచ్చరించుకోవాలి. కొల్లేటిని 'తల్లి' అనడం చాలా తేలిక. తల్లి అన్నాక అన్నీ కడుపులో దాచుకుంటుంది, జీతం అడగదు. పితృస్వామ్యం మనతో ఆడిన ఆట ఇదే. తల్లి అని దండం పెట్టి తలమీద మురుగు పోయడం కంటే, 'పనిచేసేది' అని ఒప్పుకుని దాని శక్తికి హద్దు గీయడం మేలు. ఎందుకంటే హద్దు ఉంది. కుళ్ళిన ఆకుని అది అరిగించుకోగలదు. సీసాన్ని అరిగించుకోలేదు. అది బురదలో, చేపలో, చివరికి తినే మనిషిలో మిగులుతుంది.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. అవి నీటిలోంచి వచ్చాయా, తిండిలోంచా, పురుగుమందుల మాటేమిటి అని నిపుణులు తర్జనభర్జన పడ్డారు. నేను ఫోన్ చేస్తే, 'నీళ్ళు రెండుసార్లు కాచి వడకడుతున్నానమ్మాయ్, ఏం కాదులే' అంది అమ్మ. కాస్తే సీసం పోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊరు చేయవలసిన శుద్ధిని అరవయ్యేళ్ళ మనిషి గ్యాసు పొయ్యి మీద చేస్తోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచింది. పట్నం తేరుకుంటున్న రోజుల్లో ఆ నీళ్ళు కొల్లేటి లంకల్ని చుట్టుముట్టాయి. అక్కడా బురద ఎత్తిపోసింది ఎవరో చెప్పాలా?

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, చరిత్రకెక్కని గొంతుల కోసం ఎక్కడ వెతకాలో మనకి తెలిసింది. మురుగు దారుల వెంట కూడా అలా వెతకాలనుకుంటాను. ఏ ఊరి మురుగుని ఆ ఊరే శుద్ధి చేసి వదలాలి. ఆ పని చేసేవాళ్ళకి యంత్రం, జీతం, గౌరవం ఉండాలి. ఎంత వదలాలో తేల్చే చోట శివారు ఊళ్ళ ఆడవాళ్ళు కూర్చోవాలి. సేవ అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

మొన్న ఒక పెళ్ళిలో ఎవరో పిన్ని ఊసెత్తి, మళ్ళీ ఆ పాత మాటే అన్నారు. అమ్మ వక్క నములుతూ, 'కొల్లేరు తనంతట తను పాడైందేంటి వదినా? పోసేవాళ్ళు పోస్తే అయింది' అంది.