పడక ప్రక్కన నిలిచినవారు: నర్సింగు సహాయకుల చరిత్ర

శతవార్షికోత్సవములు వచ్చినప్పుడు కట్టడములు, శంకుస్థాపనలు, మిషనెరీల పేర్లు ముందుగా జ్ఞాపకము వచ్చును. ఆసుపత్రులలోనైతే డాక్టర్ల పేర్లు శిలాఫలకములపై చెక్కబడి యుండును. రోగి ప్రక్కన రాత్రంతయు మేల్కొని, ఒళ్ళు తుడిచి, పక్క మార్చినవారి పేర్లు మాత్రము తరచుగా కానరావు. ఆ సహాయకులు తమ పనిని ఎట్లు నేర్చుకొనిరో, ఆ నేర్పు వలన కలిగిన మేలేమో సంఘస్థుల యెదుట ఉంచుట మా ఉద్దేశము.

డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా లూథరన్ మిషను పక్షమున 1883లో గుంటూరు వచ్చిరి. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరువబడెను. 1930లో మరణించువరకు ఆమె జీవితము గుంటూరుతోనే ముడిపడి యుండెను. ఆ దినములలో ఘోషాలోని స్త్రీలను పురుష వైద్యులు చూచుట అరిది. పరాయి చేతి నీరు త్రాగుటకే సంకోచించు ఇండ్లు అనేకము. కాబట్టి స్త్రీ డాక్టరు ఒక్కరే వచ్చిన చాలదు. మన భాష తెలిసి, మన ఇండ్ల తీరు తెలిసిన సహాయకురాండ్రు కావలసి వచ్చిరి.

మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నర్సింగు శిక్షణ ఆరంభమైనది. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాల తెరచిరి. 1946లో ఆ సంస్థయే నర్సింగులో డిగ్రీ చదువు ప్రారంభించినది. అయినను పెద్ద చదువు లేనివారికి పడక ప్రక్క పని నేర్పు అవసరము తీరలేదు.

ఈ శిక్షణలో మొదటి అడ్డు భాషయే. మందుల చీటీపై బి.డి. అని యున్నచో దినమునకు రెండుసార్లు, టి.డి.ఎస్. అని యున్నచో మూడుసార్లు. ఇవి లాటిన్ మాటలకు పొడి అక్షరములు. పేరు చివర ‘ఐటిస్’ అని వచ్చినచో ఆ అవయవమునకు వాపు, ‘ఎక్టమీ’ అని వచ్చినచో దానిని కోసి తీసివేయుట. ఎన్.పి.ఓ. అనగా నోటి ద్వారా ఏమియు ఇవ్వరాదు. ఈ మూడక్షరములు తెలియని సహాయకురాలు, ఆపరేషనుకు ముందు రోగి బ్రతిమాలెనని జాలిపడి కాఫీ ఇచ్చెననుకొనుడి. మత్తులో వాంతియై అది ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు. జాలి మంచిదే గాని, తెలియని జాలి అపాయము.

రెండవది చేతి నేర్పు. నాడి చూచునప్పుడు బొటనవ్రేలు వాడరాదు, ఏలయనగా దానిలోని నాడియే తగిలి లెక్క తప్పును. చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు మణికట్టుపై బొటనవ్రేలి వైపున ఉంచి నిండు నిమిషము లెక్కించవలెను. పెద్దవారికి 60 నుండి 100 వరకు సాధారణము. శ్వాసను రోగికి చెప్పకుండ లెక్కించవలెను. చెప్పినచో అతడు తెలియకయే ఊపిరి తీరు మార్చుకొనును. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో పడక పుండ్లు పడును. అన్నిటికంటె ముందు చేతులు కడుగుకొనుట. 1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ ఈ ఒక్క నియమముతో బాలింతల మరణములను ఎంతో తగ్గించి చూపిరి.

మన పల్లెలలో ఈ శుభ్రత పాఠమునకు ఎంత విలువ యున్నదో పురుళ్ళలో తెలిసినది. శుభ్రము లేని కత్తితో బొడ్డు కోయుట, దానిపై పేడ గాని బూడిద గాని పూయుట వలన ధనుర్వాతము సోకి ఎందరో పసిబిడ్డలు పుట్టిన కొలది దినములకే చనిపోయెడివారు. 1946లో భోర్ కమిటీ దేశములో 43,000 మందికి ఒక నర్సు మాత్రమే యున్నట్లు తెలిపెను. 1951లో పంజాబులోని తరన్‌తారన్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రియందు సహాయ నర్సు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైనది. మనము ఏ.ఎన్.ఎమ్. అని పిలుచువారు వీరే. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మరిగించిన పనిముట్లు వీరి వంటివారి చేతుల మీదుగానే ఊరూరికి చేరినవి. తల్లి, శిశువుల ధనుర్వాతమును నిర్మూలించిన మొదటి రాష్ట్రముగా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో గుర్తింపు పొందినది. 2015లో దేశమంతయు ఆ స్థితికి చేరెను.

ఈ పనికి గౌరవము మాత్రము పనికి తగినంతగా దక్కలేదు. మలమూత్రములెత్తు పనియని చిన్నచూపు చూచినవారే, తమ యింట పెద్దవారు పడకపట్టినప్పుడు ఈ చేతులకొరకు వెదకుదురు. నేడును మన యువతీ యువకులనేకులు నగరములలోని ఆసుపత్రులలో, వృద్ధుల ఇండ్లలో ఇదే సేవ చేయుచున్నారు. వారికి సరియైన శిక్షణయు న్యాయమైన జీతమును దొరకుట వారి మేలుకొరకే కాదు, వారి చేతిలోనున్న రోగి మేలుకొరకును.

సంఘస్థులకు మా మనవి ఒక్కటే. ప్రతి పాస్టరేటులోను ఆసుపత్రులలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న సహాయకురాండ్రు ఉందురు. వారి పేర్లు, పనిచేసిన చోట్లు, నేర్చుకొన్న విధము అడిగి వ్రాసి, సంఘ రికార్డులలో భద్రపరచుడి. జ్ఞాపకమున్నవారు జీవించి యుండగనే ఈ పని జరుగవలెను.