మూడు ఆఠీన్ల మీద ఏం పాడాలి?

బ్రిడ్జి పేకాటలోని వేలం పాటలో మొత్తం 35 మెట్లు. ఒక కళావరుతో మొదలై ఏడు నో ట్రంపుతో ముగుస్తాయి. ఎదురెదురుగా కూర్చున్న భాగస్వాములు మామూలుగా కింది మెట్ల మీదే మాట్లాడుకుంటారు. నా దగ్గర ఇస్పేట్లు ఎక్కువ, నీకేమున్నాయి? నాకు బలం లేదు, అయితే ఇక్కడే ఆగుదాం. ఇదంతా అంకెలు, రంగుల పేర్లు, పాస్, డబుల్ లాంటి మాటలతోనే జరగాలి, ఇంకో మాట ఉండకూడదు. అలాంటి చోట నా కుడిపక్కనున్నవారు వంతు రాగానే "మూడు ఆఠీన్లు" అంటారు. ఒక్క మాటతో 13 మెట్లు పోయాయి. వారి చేతిలో ఏడు ఆఠీన్లు తప్ప చెప్పుకోదగ్గ బలం ఉండదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టు ముందు జాగా ఆపేశారంతే. నా చేతిలో 15 పాయింట్లున్నాయి. నా భాగస్వామి ఇంకా నోరు విప్పలేదు. మూడు నో ట్రంపుకి దిగువన మాకు మిగిలింది మూడు ఇస్పేట్లు అనే ఒక్క మెట్టు.

ఇలా ముందే జాగా లాక్కోవడాన్నే ప్రీఎంప్ట్ అంటారు. దానికి జవాబు ఏమిటన్న వెతుకులాటకి సుమారు నూరేళ్ళ చరిత్ర ఉంది. నాకు ఆ చరిత్ర చెప్పినది మా మామయ్యగారు. రైల్వే అకౌంట్సులో పనిచేసి, రిటైరయ్యాక కాకినాడలో స్థిరపడ్డారు. ఒక సాయంత్రం ఇంట్లో నాలుగో చెయ్యి తక్కువైతే, "కాలేజీలో లెక్కలు చెప్పేదానివి, నీకు రాకపోవడమేమిటమ్మా, కూర్చో" అన్నారు. ఏ పద్ధతి నేర్పినా, ముందు అది ఏ ఇబ్బందిలోంచి పుట్టిందో చెప్పేవారు. అది తెలియకుండా పద్ధతి పట్టుకుంటే ఎప్పుడు వదలాలో తెలియదని ఆయన నమ్మకం. మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల కొట్టులో కొన్న, కల్బర్ట్‌సన్ రాసిన బ్రిడ్జి పుస్తకం 'బ్లూ బుక్' ఆయన దగ్గర ఉండేది. అట్ట ఊడిపోతే బైండు చేయించుకున్నారు.

ప్రీఎంప్ట్ మనం ఇప్పుడు ఆడే బ్రిడ్జి కన్నా పాతదే. ఆక్షన్ బ్రిడ్జి రోజుల్లో దాన్ని షటౌట్ బిడ్ అనేవారు. అయితే ఆ ఆటలో తీసుకున్న పట్లన్నీ లెక్కలోకి వచ్చేవి, పాడినా పాడకపోయినా. రెండుకి పాడి నాలుగు చేస్తే నాలుగూ కలిసేవి. అందుకని భాగస్వాములు లోతుగా మాట్లాడుకోవాల్సిన అవసరం తక్కువ, ఆ మాటలు దొంగిలించినా నష్టం తక్కువ. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఇది మార్చేశాడు. లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా వెళ్ళే ఫిన్‌లాండ్ అనే ఓడలో, ముగ్గురు స్నేహితులతో కలిసి కొత్త లెక్కలు పరీక్షించాడు. ఎన్ని పట్లు చేస్తామని పాడామో వాటికే గేము విలువ. ముందే ఒక గేము గెలిచి ఉన్న పక్షం తప్పితే జరిమానా ఎక్కువ. ఆ స్థితికి 'వల్నరబుల్' అన్న పేరు ఆ ఓడలోనే ప్రయాణిస్తున్న ఒక యువతి సూచించిందట. నవంబరు 1న ఆ లెక్కలతో ఆడిన ఆటే మనం ఇప్పుడు ఆడుతున్న కాంట్రాక్ట్ బ్రిడ్జి.

పాడితేనే గేము అన్నప్పుడు మెట్టు మెట్టుకీ విలువ పెరిగింది. దాంతోపాటు మెట్లు లాక్కునేవారి బలమూ పెరిగింది. మామయ్యగారు దీన్ని గట్టిగా చెప్పేవారు: ప్రీఎంప్ట్‌ని ఇంత పదునెక్కించినది ఆటగాళ్ళ దూకుడు కాదు, వాండర్‌బిల్ట్ లెక్కల పట్టీ. నేనూ అదే అంటాను.

ఆ పట్టీకి తగ్గ కొలత కల్బర్ట్‌సన్ ఇచ్చాడు. 1930లో వచ్చిన 'బ్లూ బుక్'తో అతని పద్ధతి ఇల్లిల్లూ చేరింది. వల్నరబుల్ అయితే నీ చేతిలో ఉన్న పట్ల కన్నా రెండు ఎక్కువ పాడు, కాకపోతే మూడు. ఎందుకంటే ఎదుటివాళ్ళు 'డబుల్' అని సవాలు చేసినప్పుడు మొదటి స్థితిలో రెండు తక్కువైనా, రెండో స్థితిలో మూడు తక్కువైనా పోయేది 500. ఎదుటివాళ్ళు గేము చేసుకుంటే వాళ్ళకి వచ్చేది వాళ్ళ స్థితిని బట్టి 420, 620 ఆ చుట్టుపక్కల. అంటే ప్రీఎంప్ట్ అంటే కళ్ళు మూసుకుని దూకడం కాదు, కొనే ధర ముందే లెక్కేసుకున్న బేరం.

ఆ బేరంలో చాలా ఏళ్ళపాటు ఒక పెద్ద కన్నం ఉండేది. వల్నరబుల్ కానివాళ్ళు డబుల్‌లో తప్పితే మొదటి పట్టుకి 100, ఆపైన ఒక్కోదానికి 200. ఎదుటివాళ్ళు వల్నరబుల్ స్థితిలో ఇస్పేట్ల గ్రాండ్ స్లామ్ పాడితే వాళ్ళకి 2210 రావాలి. మీరు దాని మీద ఏడు నో ట్రంపు పాడి 11 పట్లు తప్పినా పోయేది 2100 మాత్రమే. చేతిలో రెండు పట్లు తప్ప ఏమీ లేనివాళ్ళకి లాభం! 1987లో డూప్లికేట్ (టోర్నమెంటు) బ్రిడ్జి చట్టాలు సవరించి నాలుగో పట్టు నుంచి 300 చేశారు. ఇప్పుడదే 2900 అవుతుంది. మా తరగతిలో అంకశ్రేఢి చెప్పేటప్పుడు ఈ లెక్క బోర్డు మీద వేసేదాన్ని, పేక పేరెత్తకుండా. పేకముక్కంటే మన ఊళ్ళలో పోలీసు దాడే గుర్తొచ్చేది మరి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు రమ్మీ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్తే, 1967 నవంబరులో వచ్చిన తీర్పులో, రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జి పంపకంలో ఉండే అదృష్టం లాంటిదే, నేర్పే ప్రధానమని న్యాయమూర్తులన్నారు. మామయ్యగారు ఆ తీర్పు గురించి క్లబ్బులో అందరికీ చెప్పేవారు.

ఇక జవాబుల సంగతి. నా చేతిలో ఇస్పేట్ల రాజు, రాణితో నాలుగు, ఒకే ఒక్క ఆఠీను, ఆసు, జాకీతో నాలుగు డైమన్లు, రాజు, రాణితో నాలుగు కళావర్లు. ఎదుటివారి రంగు తప్ప ఏదైనా నాకిష్టమే, నువ్వే ఎంచుకో అని భాగస్వామికి చెప్పాలి. కింది మెట్ల మీద దీనికో మాట ముందే ఉంది. 1910లలో సెయింట్ లూయిస్‌కి చెందిన బ్రయంట్ మెక్‌క్యాంబెల్, న్యూయార్క్‌కి చెందిన మేజర్ చార్లెస్ ప్యాటన్, ఒకరికొకరు సంబంధం లేకుండా, డబుల్‌కి ఆ అర్థం కట్టారు. అయితే మూడో అంతస్తులో కూడా డబుల్ అంటే అదేనా, లేక నీ మూడు ఆఠీన్లని పడగొడతానన్న సవాలా? దీని మీద దశాబ్దాలపాటు వాదులాట నడిచింది.

న్యూయార్క్‌లో మేఫెయిర్ క్లబ్బు నడిపిన హ్యారీ ఫిష్‌బైన్ డబుల్‌ని సవాలుగానే ఉంచాడు. రంగు ఎంచుకోమనడానికి పైనున్న అతి చవక రంగు వాడమన్నాడు. మూడు ఆఠీన్ల మీద అది మూడు ఇస్పేట్లు. బ్రిటన్‌లో చాలామంది అదే పనికి మూడు నో ట్రంపు వాడారు. ఇంకొందరు కళావర్లు, డైమన్లు అనే రెండు మైనరు రంగుల్లో ఎదుటివారిది కాని చిన్నదాన్ని వాడారు. అంటే మూడు ఆఠీన్ల మీద నాలుగు కళావర్లు.

ప్రతి జవాబుకీ ఒక ధర ఉంది. ఫిష్‌బైన్ ఆడితే, నిజంగా ఆరు మంచి ఇస్పేట్లున్న రోజున వాటిని మూడులో పాడలేరు. నాలుగు కళావర్లయితే మూడు నో ట్రంపు దాటిపోతుంది. ఇక మూడు నో ట్రంపునే అడిగే మాట చేసేస్తే? ఈ చెయ్యి చూడండి: ఇస్పేట్లు ఆసు, ఏడు. ఆఠీన్లు రాజు, అయిదు. డైమన్లు ఆసు, రాజు, రాణితో ఆరు. జాకీతో మూడు కళావర్లు. ప్రీఎంప్ట్ చేసినవారు నా కుడిపక్క. మొదటి ముక్క వచ్చేది ఎడమపక్క నుంచి. ఆఠీను వస్తే నేనే ఆఖర్న వేస్తాను కనక నా రాజు చావదు. ఎనిమిది పట్లు కళ్ళముందే, తొమ్మిదోది భాగస్వామి దగ్గర దొరక్కపోదు. ఇలాంటి చేతితో మూడు నో ట్రంపు పాడలేకపోవడం నేను ఒప్పుకోలేను. అమెరికన్ ఆటగాడు బాబ్ హ్యామన్ పేరు మీద ఒక సూత్రం ఉంది: సబబైన పాటలు రెండు మూడుండి, వాటిలో ఒకటి మూడు నో ట్రంపయితే, అదే పాడాలని. ప్రీఎంప్ట్ మీద ఆ సూత్రం ఎన్నోసార్లు నిజమవడం చూశాను.

మామయ్యగారు మాత్రం ఫిష్‌బైన్ మనిషే. "దొంగ ఇంట్లో దూరితే పట్టుకునే కర్ర ఉండొద్దా అమ్మా?" అనేవారు. "కర్ర ఉండాలి మామయ్యగారూ, కానీ దొంగ వచ్చే రోజు ఎన్నాళ్ళకొకసారి?" అనేదాన్ని. ఎదుటివారికి ఏడు ఆఠీన్లుంటే మిగతా ముగ్గురికీ కలిపి ఆరే. అందులో అయిదు నాకే వచ్చే రోజు బహు అరుదు. ఒకటో రెండో వచ్చే రోజులే ఎక్కువ. ఎక్కువగా వచ్చే చేతికే చవకైన మాట ఇవ్వాలి. పైగా డబుల్ అంటే ఎంచుకోమనడమే అయినా సవాలు చచ్చిపోదు. నా డబుల్ మీద భాగస్వామి తన ఆఠీన్లు చూసుకుని పాస్ అంటే అదే సవాలవుతుంది. నాకే ఆఠీన్లుంటే నేను నోరు మూసుకుంటాను, వంతు భాగస్వామి దాకా వచ్చినప్పుడు ఆయన డబుల్ చేస్తారు, నేను పాస్ చేస్తాను. ప్రపంచమంతా చివరికి ఈ దారికే వచ్చింది. మామయ్యగారు రాలేదు. ఆయనతో ఆడినంత కాలం నేనూ ఫిష్‌బైనే ఆడాను. భాగస్వాముల మధ్య ఒప్పందం లెక్క కన్నా పెద్దది.

భాగస్వామి ఇంకా మాట్లాడకపోయినా ఆయన బలం ఎలా అంచనా కట్టాలో కూడా మామయ్యగారే నేర్పారు. పేకలో 40 పాయింట్లు. నావి 15, ప్రీఎంప్ట్ చేసినవారికి ఏడు అనుకుందాం. మిగిలిన 18లో సగం భాగస్వామివి. తొమ్మిది నమ్మకుండా, ఏడు ఉన్నాయనుకుని పాడమనేవారు. అంతకన్నా ఎక్కువ ఉంటే వారే ఇంకో మెట్టు ఎక్కుతారు. ఆ కాస్త మొహమాటం లేకపోతే ఒకే బలాన్ని ఇద్దరూ రెండుసార్లు లెక్కేస్తారు.

పద్ధతుల్లో మార్పులు అక్కడితో ఆగలేదు. హోవర్డ్ షెంకెన్ లాంటివారి చేతిలో బలహీనమైన రెండు పాట రూపు దిద్దుకుని, ప్రీఎంప్ట్ ఒక అంతస్తు కిందికి దిగింది. రెండు మీద డబుల్ పడితే భాగస్వామి మూడులో పాడిన రంగు బలంతోనా, బలవంతంగానా అని తేల్చడానికి లెబెన్‌సోల్ అనే పద్ధతి పనికొచ్చింది. 1970లో 'బ్రిడ్జ్ వరల్డ్' పత్రికలో జార్జ్ బోహెమ్ దాన్ని కెన్ లెబెన్‌సోల్డ్ పేరుతో పరిచయం చేస్తే, అది తన సృష్టి కాదని ఆయనే చెప్పాడు. అంతకు ముందటేడు అదే పత్రికలో ఫ్రాన్సుకి చెందిన జాఁ-రెనే వెర్న్ మొత్తం పట్ల సూత్రం రాశాడు: రెండు పక్షాల తురుపులు కలిపితే ఎన్నో, రెండు పక్షాలూ చేయగల పట్లు సుమారుగా అన్ని. 1992లో లారీ కోహెన్ పుస్తకంతో అది అందరి నోటా పడింది. 2004లో మైక్ లారెన్స్, ఆండర్స్ విర్‌గ్రెన్ దాన్ని ఎదిరిస్తూ మరో పుస్తకం రాశారు. పోటీ పాటలో ఎక్కడ ఆగాలో తెలియనివారికి అది మంచి చేతికర్రే, కానీ ప్రతి చేతికీ సరిపోదన్నది నా అనుభవం.

ఇన్ని పద్ధతుల్లోనూ నాకు అన్నిటికన్నా గొప్పదిగా కనిపించేది పాట కాదు, ఒక ఆగడం.

మూడు ఆఠీన్ల మీద ఏమీ లేనివారు వెంటనే పాస్ అంటారు. పదమూడు పాయింట్లున్నవారు నుదురు చిట్లించి, ముక్కలు సర్దుకుని, అప్పుడు పాస్ అంటారు. రెండూ ఒకే పాట, కానీ భాగస్వామికి చేరే కబురు వేరు. ఎదుటివారు నియమం ప్రకారం లాక్కున్న జాగాని, మీరు నియమం తప్పి తిరిగి తెచ్చుకున్నట్టు. మా క్లబ్బులో పాట నోటితోనే నడిచే రోజుల్లో ఒక పెద్దాయన పాస్ రెండు గొంతుల్లో వినిపించేది. ఎవరూ అనేవారు కాదు, వయసుకి గౌరవం.

మామయ్యగారి భాగస్వామి, ఊళ్ళో పేరున్న డాక్టరుగారు, ఒకరోజు మూడు ఆఠీన్ల మీద చాలాసేపు ఆలోచించి పాస్ అన్నారు. ఎడమపక్కా పాస్. మామయ్యగారి చేతిలో పది పాయింట్లు, అయిదు ఇస్పేట్లు. పాస్ చేశారు. నాలుగు ఇస్పేట్లు తిరుగులేకుండా అయ్యేవి. రిక్షాలో ఇంటికొస్తూ అడిగాను. "ఆయన ఆలోచించారు కదమ్మా, ఆ సంగతి నాకు తెలిసిపోయాక ఇంకెలా పాడను?" అన్నారు. చట్టం చెప్పేదీ అదే. పాస్ కూడా సబబే అనిపించే చేతితో, భాగస్వామి తటపటాయింపు చూపించిన దారి పట్టకూడదు.

కానీ ఒక్కరి నిజాయితీ మీద ఆట మొత్తం నిలబడదు. అందుకే టోర్నమెంట్లలో మెట్లు దాటి దూకి పాడేవారు ముందుగా హెచ్చరించే ఆచారం వచ్చింది. ఆ హెచ్చరిక విన్న పక్కవారు, చేతిలో ఏమున్నా లేకపోయినా, పది సెకన్లపాటు ఆలోచిస్తున్నట్టే ఉండి తర్వాత పాడాలి. నోటితో అనకుండా కార్డు తీసి చూపే, స్వీడన్‌లో పుట్టిన బిడ్డింగ్ పెట్టెలు వచ్చాక గొంతుల తేడా పోయింది, హెచ్చరిక ఎర్రటి స్టాప్ కార్డయింది. 1975 బెర్ముడా బౌల్ నుంచి ప్రపంచ పోటీల్లో భాగస్వాముల మధ్య తెర కూడా కట్టారు. అమెరికాలో తర్వాత స్టాప్ కార్డు తీసేశారు, ఆగాలన్న నియమం మాత్రం ఉంచారు.

డల్లాస్‌లో ఉన్న మనవరాలు ఇప్పుడు నాతో ఆన్‌లైన్‌లో ఆడుతుంది. చేతిలో నాలుగు పాయింట్లే ఉంటే ఎందుకు ఆగాలి అమ్మమ్మా అని అడిగింది. నాలుగు ఉన్న రోజున ఆగితేనే, పదమూడు ఉన్న రోజున నీ ఆలోచన ఎవరికీ కనిపించదని చెప్పాను. డబుల్ మీద ఎప్పుడు పాస్ చెయ్యాలో వచ్చే ఆదివారం చెప్పుకుందామన్నాం.