నెల్లూరు సముద్రతీరం - నాటి ప్రయాణాలు, నేటి విహారాలు

మన సంఘ సభ్యులు కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలకు ఎక్కడికి పోదామా అని ఆలోచన చేస్తారు. ఎక్కువమంది నోట వచ్చే పేరు మైపాడు. నెల్లూరుకు తూర్పున సుమారు 25 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చును. పిల్లలు అలల్లో ఆడుకుంటారు, పెద్దలు ఇసుకలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతారు. ఇది మంచిదే. అయితే ఈ తీరానికి విహారం కోసం జనం రావటం ఇటీవలి ముచ్చట. అంతకు మునుపు వ్యాపారానికో, పుణ్యస్నానానికో, బతుకుతెరువుకో వచ్చేవారు. ఆ సంగతులు తెలుసుకుని వెడితే ఒక్కరోజు ప్రయాణం రెండింతలు సార్థకమవుతుందని నా మనవి.

ముందు దుగరాజపట్నం సంగతి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626 ప్రాంతంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, ఫిరంగులతో కోట కట్టుకున్నారు. తమకు సహాయపడిన ఆర్ముగ మొదలియారు పేరు మీదుగా దీనిని 'ఆర్మగాన్' అని పిలిచారు. కానీ వారు కోరుకున్న రకం బట్టల వ్యాపారానికి ఈ చోటు అంతగా అనుకూలించలేదు. ఇక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణాన మరో చోటు వెదికి, 1639లో స్థానిక నాయకుల నుండి అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీ మకాం అక్కడికి మారింది. అదే చెన్నపట్నం. అంటే చెన్నపట్నం కోటకు మన దుగరాజపట్నం అక్క వంటిది. చెల్లెలు మహానగరమైంది, అక్క పల్లెగానే మిగిలిపోయింది.

తరువాతది బకింగ్‌హామ్ కాలువ. మైపాడు వెళ్లేటప్పుడు తీరానికి కొంచెం ముందు వంతెన కింద కనిపించే నీరు ఇదే. 1806లో బేసిల్ కోక్రేన్ అనే దొర చెన్నపట్నం నుండి ఎన్నూరు వరకు దీనిని మొదలుపెట్టించాడు. 1837లో ప్రభుత్వం స్వాధీనపరచుకుంది. పిమ్మట అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించి, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం వరకు తెచ్చారు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 నాటి మహాక్షామంలో చెన్నపట్నంలోని అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని కరువు కూలీల చేత తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు కాలువకు పెట్టారు. తవ్వినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఈ కాలువ మీద ఉప్పు, సరుగుడు కట్టెలు, సున్నపు గుల్ల పడవల్లో చెన్నపట్నం చేరేవి. శ్రీహరికోట అడవి కట్టెలతో ఆ నగరంలో పొయ్యిలు వెలిగేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులు తాడు కట్టి పడవను లాగేవారు. 1899లో విజయవాడ - మద్రాసు రైలు మార్గం పూర్తయిన తరువాత క్రమంగా పడవల గిరాకీ తగ్గింది. రోడ్లు, లారీలు వచ్చాక అదీ పోయింది.

పుణ్యస్నానాలకు విడవలూరు మండలంలోని రామతీర్థం ప్రసిద్ధి. అక్కడి లింగాన్ని శ్రీరాముడు ప్రతిష్ఠించినట్లు స్థలపురాణం. కోడూరు తీరంలో వేళాంగణి మాత చర్చి ఉన్నది. పులికాటు సరస్సులోని వేనాడు దీవిలో దర్గా ఉన్నది. ఏ మతంవారికైనా ఈ తీరంలో మొక్కు తీర్చుకునే చోటు ఉండటం మన జిల్లా ప్రత్యేకత.

ఇక సూళ్లూరుపేట వైపు. 2022 జిల్లాల పునర్విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినా, మనం దానిని పరాయిగా తలచలేము. శ్రీహరికోట నుండి మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు దేశమంతా మన దీవి పేరు చెప్పుకున్నది. 2023లో చంద్రయాన్-3 కూడా ఇక్కడి నుండే బయలుదేరింది. 2019 నుండి ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి గ్యాలరీలో కూర్చుని ప్రయోగం చూసే వీలు కల్పించారు. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు కేంద్రం కోసం తావు విడిచిపెట్టారన్న మాట కూడా మన మనుమలకు చెప్పాలి.

దోవలోనే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం. 1976లో ఏర్పాటైంది. శీతకాలంలో గూడబాతులు చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని రైతులు వాటి జోలికి పోరు. పులికాటులో రాజహంసలు దిగుతాయి. 2001లో మొదలైన పక్షుల పండుగ వీటి కోసమే.

చివరగా అసలు విషయం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తీరానికి సమాంతరంగా ఉన్న బకింగ్‌హామ్ కాలువ చొచ్చుకొచ్చిన నీటిని చాలావరకు తనలో పట్టుకుని, వెనుకనున్న పల్లెల ప్రాణాలు కాపాడిందని శాస్త్రజ్ఞులు మరుసటి ఏడే వ్రాశారు. రవాణాకు పనికిరాదని వదిలేసిన కాలువ కష్టకాలంలో కట్టగా నిలిచిందన్నమాట. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. అయినా చాలాచోట్ల పూడిక, పిచ్చి మొక్కలు, ఆక్రమణలు కళ్లకు కనిపిస్తూనే ఉన్నవి. 1984, 1989 తుపానులు చూసిన మనకు ఈ తీరానికి రక్షణ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కచేరీలలో అర్జీలు చూసిన చేతులు మనవి. పూడిక తీయమని, గట్లు కాపాడమని ఒక అర్జీ వ్రాయటం మనకు కష్టమా?

కనుక ఈసారి విహారయాత్రకు బస్సు మాట్లాడుకున్నప్పుడు కాలువ వంతెన దగ్గర పది నిమిషాలు ఆపించండి. పిల్లలకు చూపించి, ఇది ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో, ఎవరిని కాపాడిందో చెప్పండి. సముద్రంలో దిగేటప్పుడు లోతుకు పోనివ్వకండి, బెస్తవారి మాట వినండి. తిన్న ఆకులు, సీసాలు తీరం మీద వదలకండి. మనం వ్రాసే అర్జీలో కాలువ శుభ్రం గురించి అడిగే అర్హత అప్పుడే మనకు ఉంటుంది.